మా సారు తెల్ల ప్యాంటు

మా సారు పోయారు. రెండు వారాల క్రితం గురువారం, పొద్దున్న ఎనిమిదింటికి, టొరంటో పక్కన ఏజాక్స్‌లో తన ఇంట్లో, కిటికీ వైపు తిప్పిన మంచం మీద. ఆ సంగతి చెప్పడానికి సారు భార్య, ఆంటీ, ఆ ఇంటి బేస్‌మెంట్ మెట్లు దిగి వచ్చారు. మూడేళ్లుగా ఆ బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాను గానీ, మోకాళ్ల నొప్పుల వల్ల ఆవిడ ఆ మెట్లు ఒక్కసారి కూడా దిగలేదు. ఏం కావాలన్నా పైనుంచి గరిటెతో రెయిలింగ్ మీద కొట్టేవారు. ఒక దెబ్బ అంటే భోజనం, రెండంటే చెత్తబండి వచ్చే రోజు, మూడంటే సారు పిలుస్తున్నారు. ఆ రోజు గరిటె మోగలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే తెలిసిపోయింది.

"లేరమ్మా" అన్నారు ఆంటీ. దిగడమైతే దిగారు గానీ మళ్లీ ఎక్కలేకపోయారు. ఇద్దరం చివరి మెట్టు మీద కాసేపు కూర్చున్నాం.

ఇటువంటి వ్యాసాల్లో పోయినవారిని మహామనీషి అనీ, ఆ లోటు పూడ్చలేనిదనీ రాయడం ఆనవాయితీ. రాస్తే సారు ఊరుకోరు. ఒకసారి నా రిపోర్టులో "తీవ్ర నష్టం" అని రాస్తే, తీవ్రం అంటే ఎంత, పదిలో మూడు ఆకులా, ఎనిమిది ఆకులా అని మార్జిన్‌లో ఎర్ర సిరాతో అడిగారు. అందుకని ఆయన లోటును కొలవడం మానుకుని, నాకు తెలిసినంత వరకు మాత్రం చెప్తాను.

ఈ పత్రిక చదివే ఏజాక్స్ తెలుగువాళ్లకు ఆయన తెలియకపోవడం అసాధ్యం. పేరు తెలియకపోవచ్చు. మీ గృహప్రవేశానికి వచ్చి, దేవుడికి దండం పెట్టి, భోజనాలకు కూర్చోకుండా తిన్నగా పెరట్లోకి నడిచి, మీ కంచె ఆకులు తిప్పి చూసిన పెద్దమనిషి ఆయనే. మెడలో తాయెత్తులా చిన్న భూతద్దం వేలాడుతుండేది. ఆకు నచ్చకపోతే తిరిగొచ్చి, ఎంతో మర్యాదగా, "మీకభ్యంతరం లేకపోతే ఆ పొద కొట్టేస్తానండీ" అనేవారు. కారు డిక్కీలో రంపం సిద్ధంగా ఉండేది.

"అందరూ శుభకార్యానికి పళ్లూ పూలూ పట్టుకెళ్తారు. మావారు రంపం పట్టుకొస్తారు. ఎవరితో చెప్పుకోను?" అని ఆంటీ నాతో చెప్పుకునేవారు.

ఆ పొద పేరు బక్‌థార్న్. ముళ్లుంటాయి, నల్లటి చిన్న పళ్లుంటాయి, టొరంటో చుట్టుపక్కల ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది. దాని మీద సారుకు సొంత పగ ఏమీ లేదు. ఆయన జీవితమంతా ఓట్స్ పైరుకు వచ్చే తుప్పు తెగులు మీద పనిచేశారు. ఆకు మీద నారింజ రంగు పొక్కులు లేచి, వేలితో తాకితే కుంకుమలా పొడి అంటుకునే తెగులు. ఆ పొడిలో ప్రతి రేణువూ ఒక విత్తనం లాంటిదే, గాలెక్కి పక్క పొలానికి, అక్కణ్ణుంచి పక్క జిల్లాకు పోతుంది. వేసవంతా ఓట్స్ మీద తిని బలిసి, వసంతంలో మాత్రం బక్‌థార్న్ ఆకు మీదకు చేరుతుంది. ఓట్స్ దాని వంటిల్లు, బక్‌థార్న్ దాని కల్యాణమంటపం అనేవారు సారు. పెళ్లిళ్లు అక్కడే అవుతాయి. పెళ్లయ్యాక పుట్టే పిల్లల్లో ఏ పిల్ల ఏ విద్యతో పుడుతుందో ఎవరికీ తెలియదు.

నేను వరంగల్ నుంచి ఈ తెగులు మీదే చదువుకోవడానికి వచ్చాను. మా పరిశోధనా క్షేత్రం ఏజాక్స్‌కు ఉత్తరాన అరగంట దూరం. సారు రిటైరై చాలా ఏళ్లయినా వారానికి మూడు రోజులు నా కారులో ఎక్కి వచ్చేవారు. గది అద్దెకు ఇచ్చేముందు నన్ను అడిగింది ఒకటే ప్రశ్న: గ్లాస్‌హౌస్ నుంచి వచ్చిన బూట్లతో ఇంట్లోకి వస్తావా? రాను సార్, కావాలంటే నేనే రాను, బూట్లను పంపిస్తాను అన్నాను. ఆయన నవ్వలేదు. తాళంచెవి మాత్రం ఇచ్చారు. తర్వాత తెలిసింది, అది ఆయన నవ్వడమేనని.

పొలానికి వచ్చేటప్పుడు తెల్ల ప్యాంటు వేసుకునేవారు. కెనడాలో మట్టి పనికి తెల్ల ప్యాంటు వేసుకునే మనిషి ఇంకొకరు ఉండరు. క్షేత్రంలో మిగతావాళ్లు ఆయనను క్రికెట్ అంపైర్ అనుకునేవారు. ఆయన ఓట్స్ మడిలో ఒక చివర దిగి, వంగకుండా, ఏ ఆకూ ముట్టకుండా ఇంకో చివర తేలేవారు. గట్టెక్కాక మోకాళ్ల కేసి చూసుకునేవారు. తెల్లగా ఉంటే సంతోషం. నారింజ మరక ఉంటే ఆ మరక ఎంత ఎత్తున ఉందో చూసి, పైరులో తెగులు ఎంత పైకి పాకిందో చెప్పేవారు. తర్వాత నేను గంటసేపు కూర్చుని ఆకులు లెక్కపెడితే అదే వచ్చేది. ఇంటికెళ్లాక ఆ ప్యాంటు ఆంటీ చేతిలో పడేది, ఆ తర్వాత జరిగే సంభాషణ బేస్‌మెంట్‌లోకి స్పష్టంగా వినపడేది.

సారుకు ఇద్దరు కూతుళ్లని నేను వచ్చిన కొత్తలో అనుకున్నాను. పెద్దది దేశం పడమటి చివర బర్నబీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోందని చెప్పారు. చిన్నది ఈ ఏడు బాగా ఎదిగిందనీ, గాలివానకు కూడా పడిపోలేదనీ అన్నారు. పడిపోకపోవడం ఏమిటా అని నేను ఆలోచిస్తుంటే ఆంటీ చెప్పారు: చిన్నది అంటే ఓట్స్ రకం. సారు ఏళ్ల తరబడి ఎంచి, సంకరం చేసి, మళ్లీ ఎంచి తయారు చేసింది. ఇంకా పేరు పెట్టలేదు, నంబరే. తుప్పు తెగులు దాని మీద పడితే ఆకు మీద సూదిమొన అంత తెల్ల చుక్క వచ్చి అక్కడితో ఆగిపోయేది. అక్క ఫోను చేసినప్పుడల్లా, అంటే ఆ బర్నబీ అమ్మాయి, తన గురించి అడిగేలోపు నాన్న చిన్నదాని గురించి పది నిమిషాలు చెప్తారని మూతి ముడిచేది.

కారులో నా చదువు సాగేది. ఒకరోజు నేను పుస్తకంలో మాటలు అప్పజెప్తున్నట్టు, తెగులు మొక్క నిరోధక శక్తిని నేర్చుకుని దాటేస్తుంది కద సార్ అన్నాను. ఆయన సీటు బెల్టు సర్దుకున్నారు.

"నేర్చుకోదమ్మాయ్. నీకూ నాకూ నేర్చుకునే రోగం. దానికి లేదు. ఊరి కాపలావాడు దొంగను మీసం చూసి గుర్తుపడతాడనుకో. దొంగలందరికీ మీసాలే, అందరూ దొరికిపోతారు. కోట్ల మంది దొంగల్లో ఎవడో ఒకడు మీసం మొలవకుండా పుడతాడు. వాడేం తెలివైనవాడు కాదు. వాడికి అసలు కాపలా ఉన్నట్టే తెలీదు. ఊరికే లోపలికి నడుచుకుంటూ పోతాడు. మర్నాటి నుంచీ ఊళ్లో వాడి పిల్లలే."

అప్పుడేం చేయాలి సార్ అన్నాను. ఇంకో కాపలావాడిని పెట్టాలి, వాడు మీసం కాదు, నడక చూసి పట్టాలి అన్నారు. చిన్నదానికి ఇద్దరు కాపలావాళ్లను పెట్టాననీ, ఆ ఇద్దరి కళ్లూ గప్పేవాడు తన జీవితకాలంలో పుట్టకూడదనే ఆశనీ అన్నారు. ఆ మాట అనేసి కిటికీలోంచి బయటకు చూశారు. ఆశ అనే మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి.

ఇంకొక అలవాటు చెప్పి అసలు కథలోకి వస్తాను. ఏ పరీక్షకైనా మేము ఒక ట్రే నిండా మొలకలు వేస్తాం. సారు మాత్రం వారం ఆగి రెండో ట్రే కూడా వేయించేవారు. చోటు దండగ, మట్టి దండగ అని నేను గొణిగితే ఆయన మాట ఒకటే: "పెళ్లిలో మొదటి బంతి మర్యాదకి తింటుంది. వంట సంగతి రెండో బంతిలో కూర్చున్నవాడినడుగు." అందుకని మా గ్లాస్‌హౌస్‌లో ట్రేల మీద అతికించే చీటీల్లో, శాస్త్రీయమైన నంబర్ల పక్కన, బంతి ఒకటి, బంతి రెండు అని తెలుగులో ఉంటుంది. మా సూపర్‌వైజర్, పుట్టుకతో ఇక్కడి ఆవిడ, ఇప్పుడు తాను కూడా రెండో బంతి అనే అంటుంది.

ఈ జనవరిలో సారుకు జబ్బు ముదిరింది. హాస్పిటల్‌లో చేయగలిగింది ఏమీ లేదని ఇంటికి పంపేశారు. హాల్లో సోఫా తీసి మంచం వేశాం. ఎన్ని రోజులని ఆంటీ అడిగితే డాక్టరమ్మ రోజులని కాదు, వారాలని అంది, అదీ తక్కువ వారాలే అంది. సరిగ్గా అప్పుడే చిన్నదాని రిజిస్ట్రేషన్ వంతు వచ్చింది. ఫిబ్రవరి చివరన కొత్త రకాలను ఆమోదించే కమిటీ కూర్చుంటుంది. వాళ్లు సరే అంటే చిన్నదానికి పేరొస్తుంది, వచ్చే ఏడు నుంచి రైతులు విత్తుతారు. కమిటీకి కావలసిన చివరి కాగితం మొలకల మీద తెగులు పరీక్ష. అది చేయాల్సింది నేను.

క్రితం వేసవిలో ఈ చుట్టుపక్కల పొలాల నుంచి, పెరళ్ల నుంచి పోగుచేసిన తుప్పు పొడులన్నీ కలిపి, చిన్నదాని మొదటి ట్రే మీద చల్లి, ఒక రాత్రి తడి గదిలో ఉంచి, బయట పెట్టాను. పది రోజులు ఆగి ఆకులకు మార్కులు వేయాలి. సున్నా అంటే శుభ్రం. నాలుగంటే తుప్పుదే రాజ్యం. సున్నా వస్తే పండగ చేసుకునే చదువు మాదొక్కటే.

పదో రోజు శుక్రవారం. ఒక్కొక్క మొక్కనూ చూసుకుంటూ పోతున్నాను. సున్నా, సున్నా, సున్నా. చివరి వరసలో మూల మొక్క ఆకు మీద మూడు పొక్కులు. విచ్చుకుని, కుంకుమ భరిణెల్లా నిండుగా ఉన్నాయి.

ఇక్కడ మా వృత్తివాళ్లు చేసే తప్పొకటి ఉంది. ట్రే నిండా శుభ్రంగా ఉండి ఒక్క మొక్కకే తెగులొస్తే, అది అసలు మన రకమే కాదు, కల్తీ గింజ అనుకుంటాం. నిజంగానే చాలాసార్లు కల్తీ గింజే. పీకి సంచిలో పడేసి, పక్కన "కల్తీ" అని రాసి ముందుకు పోతాం. నేనూ అదే చేశాను. చేతులు ఎంత వేగంగా చేశాయంటే, నన్ను అడగలేదు. నిజం చెప్పాలంటే, అడగకపోవడమే నాకు కావలసింది. హాల్లో మంచం మీద ఆయన ఎదురుచూస్తున్నారు.

సాయంత్రం ఇంటికెళ్తే దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు.

"చిన్నది ఎలా ఉంది?"

"మంచిగుంది సార్."

"అన్నీనా?"

"అన్నీ సార్."

కాసేపు నన్ను చూశారు. భూతద్దం మెడలోనే ఉంది, దాని అవసరం పడలేదు. "రెండో బంతి ఎప్పుడు?" అని అడిగారు. అవసరమా సార్, మొదటిది శుభ్రంగా వచ్చింది కద అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు. నేను బేస్‌మెంట్‌లోకి పోయి, పెరుగన్నం కలుపుకుని, తినకుండా సింక్‌లో పెట్టేశాను.

శనివారమంతా మంచు కురిసింది. ఆదివారం పొద్దున్నకు నాకు ఒక లెక్క తేలింది. అది కల్తీ గింజ అయితే నష్టం లేదు. కాకపోతే, ఆ మూడు పొక్కుల్లో ఉన్నవాడు ఇద్దరు కాపలావాళ్లనూ దాటినవాడు. వచ్చే ఏడు రైతులు చిన్నదాన్ని నమ్మి, మందు కొట్టకుండా, వేల ఎకరాల్లో వేస్తే వాడికి అంతకంటే పెద్ద విందు ఉండదు. తెగులు మొక్కల సంచుల్ని ఆవిరిలో ఉడికించే యంత్రం మా దగ్గర సోమవారం పొద్దున్నే వేస్తారు. ఈ వారం ఆదివారమే వేస్తారేమోనని, మంచు వల్ల ఎవరో ముందే వచ్చి ఉంటారేమోనని, దారి పొడుగునా భయం. హైవే మీద మంచు తోసే బండి వెనక సైకిల్ వేగంతో పోయాను. ముందుకు పోవడానికి లేదు, దాటడానికి లేదు. జీవితంలో అంత గంభీరంగా నేనెప్పుడూ డ్రైవ్ చేయలేదు.

సంచులు యంత్రం లోపల పేర్చి ఉన్నాయి. తలుపు వేసి ఉంది. స్విచ్ మాత్రం ఇంకా ఎవరూ వేయలేదు. నాలుగు సంచులు విప్పాను. మూడో దాంట్లో అడుగున, వాడిపోయి, మెలితిరిగి ఆ ఆకు దొరికింది. నల్ల కాగితం మీద పెట్టి గోటితో మెల్లగా తట్టాను. నారింజ పొడి రాలింది. చిటికెడు కూడా లేదు. ఇంకా ప్రాణముందో లేదో తెలియదు.

చల్లడానికి చిన్నదాని మొలకలు కావాలి. అసలు గింజల సంచిలోంచి, ఒక్కొక్క గింజా సారు తన చేత్తో ఎంచినవి, వారం రోజుల మొలకలు పన్నెండు షెల్ఫ్ మీద నిలబడి ఉన్నాయి. బంతి రెండు. అవసరమా అని అడిగిన నేనే, ఆయన మంచాన పడకముందు చెప్పారు గనక, అలవాటుగా వేసినవి. వాటి మీద ఆ పొడి చల్లాను. కల్తీ గింజ కథే నిజమైతే ఈ పన్నెండూ శుభ్రంగా ఉంటాయి. కాగితం ఇవ్వాల్సిన గడువు పదకొండో రోజు. పొక్కు విచ్చుకునేది పదో రోజు. ఆయన అన్ని రోజులు ఉంటారో లేదో ఎవరికీ తెలియదు.

ప్రతి సాయంత్రం గరిటె మూడుసార్లు మోగేది. పైకి పోతే అదే ప్రశ్న, రెండో బంతి లేచిందా? ఇంకా వడ్డించలేదు సార్ అనేదాన్ని. ఐదో రోజుకు ఆయన గొంతు తగ్గింది. ఆరో రోజు ప్రశ్న సైగలోకి వచ్చింది. ఆ రోజే అక్క బర్నబీ నుంచి దిగింది. వంటింట్లో కాఫీ కలుపుతూ ఏం జరుగుతోందని అడిగింది. చెప్పేశాను. అక్కకు తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. కప్పు పక్కన పెట్టి, నర్సులందరితో నాన్న ఏమంటున్నాడో నీకు తెలుసా అని అడిగింది. ఈ నెలలో మా చిన్నమ్మాయికి రిజిస్ట్రేషన్ అంటున్నాడట. పాపం వాళ్లు పెళ్లనుకుని అభినందనలు చెప్తున్నారట.

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "కమిటీకి ఏం చెప్తావో చెప్పు. ఐ డోంట్ కేర్. బట్ ప్లీజ్, నాన్నకి చెప్పకు. లెట్ హిమ్ హావ్ దిస్."

ఆ అమ్మాయి తెలుగు వాక్యం పూర్తి చేయడం నేను వినడం అదే మొదలు. తలూపాను. అది సరేనన్నట్టో కాదన్నట్టో నాకే తెలియదు.

ఎనిమిదో రోజు మొలకల ఆకుల మీద పాలిపోయిన మచ్చలు. మచ్చలంటే ఏదైనా కావచ్చు, చిన్నది ఆపేసిన గుర్తు కూడా కావచ్చు. తొమ్మిదో రోజు వెళ్లలేదు, వెళ్లలేకపోయాను. పదో రోజు పొద్దున్నే గ్లాస్‌హౌస్ తలుపు తీశాను. దూరం నుంచే తెలిసింది. పన్నెండింటికి పన్నెండూ. భూతద్దం అక్కర్లేదు. కాగితం మీద పన్నెండు నాలుగులు వేశాను, పక్కపక్కనే, పిల్లలు కుర్చీ బొమ్మ వేసినట్టు. సూపర్‌వైజర్ ట్రేలో ఒక్కొక్క మొక్కనూ చూసింది. తర్వాత, ఆయనకు ఎవరు చెప్తారని మాత్రం అడిగింది.

ఇంటికొచ్చేసరికి అక్క మంచం పక్కన కూర్చుని ఉంది. నా మొహం చూసి లేచి నిలబడింది. తల అడ్డంగా ఊపింది, వద్దని. సారు కళ్లు తెరిచారు. ఆ రెండు నిమిషాల్లో నేను నాలుగు అబద్ధాలు తయారుచేసుకున్నాను, అన్నీ మంచి అబద్ధాలే, ఇప్పటికీ గుర్తున్నాయి. ఆయన మాట్లాడలేదు, చెయ్యి చాపారు. కాగితం ఇచ్చాను.

మెడలోని భూతద్దం తీసి, అంకెల మీద పెట్టి, ఒక్కొక్కటే చదివారు. పన్నెండూ చదివారు. ఆరు చాలు కదా అనిపించింది నాకు.

"మొదటి బంతిలోనే ఒకటుండాలి" అన్నారు చివరికి.

"ఉంది సార్. పీకి పారేసిన. మళ్లీ సంచిలకెళ్లి తీసుకొచ్చిన. మీకు మంచిగుందని చెప్పిన."

"తెలుసు. ఆ శుక్రవారం నువ్వు ఒక్క జోకు కూడా వెయ్యలేదు."

అక్క గదిలోంచి వెళ్లిపోయింది. సారు కాగితాన్ని గుండెల మీద పెట్టుకుని, పైకప్పు కేసి చూస్తూ ఉండిపోయారు. ఏడుస్తారేమోనని భయపడ్డాను. తర్వాత పెన్ను తెమ్మన్నారు. నన్ను రాయమని, తాను చెప్తూ, చిన్నదాన్ని పరిశీలన నుంచి వెనక్కి తీసుకుంటున్నట్టు కమిటీకి ఉత్తరం రాయించారు. నాలుగు వాక్యాలు. ఎక్కడా విచారం వ్యక్తం చేయలేదు. సంతకం పెట్టడానికి మాత్రం చాలాసేపు పట్టింది, వేళ్లు సహకరించలేదు. పెట్టాక అక్కను పిలిచారు. ఆమె గుమ్మంలోనే నిలబడింది. ఇప్పుడు చిన్నదాన్ని ఏం చేస్తావని ఇంగ్లీషులో అడిగింది, కోపంగా, నిజంగా చెల్లెలి గురించి అడిగినట్టు.

"పెళ్లి చేస్తాం" అన్నారు సారు.

నేను మనసులో అనుకున్నది ఒకటే: ఈ వార్త ఆయనను తీసుకుపోతుందని. జరిగింది వేరు. ఆయన మర్నాడు ఇడ్లీ అడిగారు. ఫిబ్రవరి దాటింది, మార్చి దాటింది. డాక్టరమ్మ తక్కువ వారాలన్న మాటను కూడా ఆయన మొదటి బంతి లెక్కలోనే వేసుకున్నారు. చిన్నదానికి వరుడిగా ఒక అడవి ఓట్స్ మొక్కను ఎంచారు. సంబంధం ఎలాంటిదని ఆంటీ అడిగితే, పొట్టివాడు, నల్లవాడు, చూడ్డానికి ఏమీ బాగోడు, కానీ వాళ్ల ఇంట్లో ఉన్న కాపలావాడిని ఇంతవరకు ఎవడూ దాటలేదు అన్నారు. నేను గ్లాస్‌హౌస్‌లో ఫోను కెమెరా పువ్వు మీద పెట్టి, చిమటాతో ఒక్కొక్క పువ్వు విప్పి పుప్పొడి అద్దుతుంటే, ఆయన మంచం మీంచి పురోహితుడిలా చెప్పేవారు. ఎడమ చేత్తో పట్టుకో, అంత గట్టిగా కాదు, అది పెళ్లికూతురు.

ఆ రోజుల్లోనే మరో సంగతి తేలింది. ఆ మీసంలేని దొంగ ఏ ఊరివాడో చూద్దామని, వేసవిలో పోగుచేసిన పొడుల పొట్లాలను విడివిడిగా పరీక్షించాను. ఒక్క పొట్లమే చిన్నదాన్ని దాటింది. దాని మీద సారు చేతిరాత: "ఇల్లు, కంచె పక్క." పెరట్లో కంచె వెంట ఆయన ప్రతి ఏడూ జానెడు మడిలో ఓట్స్ వేసేవారు, దొంగ ఎప్పుడొస్తాడో చూడ్డానికి. కంచె అవతల పొరుగింటి ఆవిడ పెరట్లో బక్‌థార్న్ ఉంది. ఏజాక్స్‌లో ఇందరి పొదలు కొట్టిన మనిషి, తన ఇంటి పక్క పొదను వదిలేశారు. ఆవిడను ఒకసారి అడిగారట. ఆ పొదల వరస, చనిపోయిన తన భర్త నాటినదని ఆవిడ చెప్పిందట. మళ్లీ అడగలేదు.

చెప్తే నవ్వారు. దగ్గొచ్చేదాకా నవ్వారు, ఆంటీ వచ్చి ఇద్దరినీ తిట్టేదాకా. ఇప్పుడైనా వెళ్లి అడగనా సార్ అన్నాను. రంపం నేను పట్టుకుంటా అన్నాను.

"వద్దు. ఆవిడ ఒకసారి చెప్పింది కదా." దగ్గు ఆపుకుని అన్నారు: "ఇక్కడ కొట్టేస్తే వాడు ఇంకో పెరట్లో పుడతాడమ్మాయ్. వాణ్ణి పుట్టకుండా ఆపడం మన వల్ల కాదు. కాపలా మార్చుకుంటూ పోవడమే మన పని."

మే మొదట్లో ఆ పెళ్లికి ఏడు గింజలు వచ్చాయి. కవరులో పెట్టి తెచ్చి ఆయన అరచేతిలో పోశాను. భూతద్దం ఎత్తే ఓపిక లేదు, నేనే కంటికి ఆనించి పట్టుకున్నాను. ఏడింటినీ చూశారు. గొంతు చాలా తగ్గిపోయింది, చెవి దగ్గర పెట్టాల్సి వచ్చింది.

"నాలుగే వెయ్యి. మూడు రెండో బంతికి ఉంచు."

ఆయన నాతో పని గురించి అన్న చివరి మాట అదే. ఆ తర్వాత అన్నవన్నీ ఆంటీతో, అక్కతో. అవి వాళ్లవి.

నాలుగు గింజలూ మొలిచాయి. ఇంకా వాటి మీద ఏమీ చల్లలేదు, ఆ రోజు రావాలంటే చాలా కాలం పడుతుంది, అప్పుడు ఏమవుతుందో నాకు తెలియదు. మిగతా మూడూ ఫ్రిజ్‌లో ఉన్నాయి. చీటీ మీద ఏం రాశానో మీకు చెప్పనక్కర్లేదు.

కర్మలన్నీ అయ్యాక నిన్న ఆంటీ సారు బట్టలు ఉతికారు. పంచిపెట్టడానికి ముందు ఉతకాలట. సాయంత్రం గరిటె మూడుసార్లు మోగింది. అలవాటు కొద్దీ మోగించారో, నన్నే పిలిచారో, నేను మాత్రం మూడేసి మెట్లెక్కి పరుగెత్తాను. ఆంటీ పెరట్లో తీగ దగ్గర నిలబడి ఉన్నారు. "ఈ మోకాళ్ల మరక పోవట్లేదమ్మా. ఎవరికిస్తాం దీన్ని, నువ్వుంచుకో" అన్నారు. తెల్ల ప్యాంటు తీగ మీద తడిగా వేలాడుతోంది, మోకాళ్ల దగ్గర లేత నారింజ రంగు.

కంచె అవతల బక్‌థార్న్ కొత్త ఆకు వేసింది. కంచె మీంచి వంగి ఒక ఆకు తిప్పి చూశాను. అడుగున చిన్న చిన్న నారింజ గిన్నెలు, వరసగా, నిండుగా. పెళ్లిళ్లు అయిపోయాయి. నేను ఆకు వదిలేసి వెనక్కి వచ్చాను. గాలి కంచె వైపు నుంచే వీస్తోంది. తీగ మీద ప్యాంటు ఒక మోకాలు వంచి, చాచి, మళ్లీ వంచి, మడిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తోంది.